మొదటి ముక్కలో ఖాళీలు

లింబాయత్, సూరత్
ఆదివారం

చిరంజీవి సింధూజకు,

అక్క దీవించి రాస్తున్నది. మార్కండేయుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు అక్కడ వేళకు తింటున్నావని అనుకుంటున్నాను. అనుకోవడమే, నమ్మకం లేదు.

నీ ఉత్తరం గురువారం అందింది. మగ్గాల చప్పుడులో ఫోన్ మాట సగమే వినబడుతుందని నువ్వు ఉత్తరాలు మొదలుపెట్టావు. ఇప్పుడు అమ్మకు ఫోన్ కంటే ఇవే ఇష్టమయ్యాయి. ఈసారి రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి కళ్ళు మూసుకుని వింటుంటే నిద్రపోయిందనుకుని ఆపాను. "సదువు, ఆ ఉప్పు ముచ్చట కాడికి అచ్చినవ్" అంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలికి నూనె రాస్తున్నాం. మెట్లు దిగవద్దని డాక్టరు చెప్పాడు, ఆమె దిగుతూనే ఉంది. తమ్ముడు సంపత్ మూడో మగ్గానికి మోటారు మార్చాడు. మీ బావకు పాండేసర మిల్లులో పగటి పాళీ దొరికింది. రంగులు వేసే చోటే పని, ఈ నెలంతా చేతులు నీలంగా ఉన్నాయి. నీ ఆఖరి ప్రశ్నకు జవాబు కింద రాస్తాను. దానికి ముందు ఒక పొద్దు సంగతి చెప్పాలి.

మాఘంలో ఒక మంగళవారం అది. విశేషమేమీ లేదు. ఐదింటికి నల్లా వచ్చింది. బిందెలు నింపి, గడప కడిగి, దీపం పెట్టాను. పక్కింటి మగ్గాలు అప్పటికే ఆడుతున్నాయి. గోడకు చెయ్యి ఆనిస్తే ఆ అదురు అరచేతికి తెలుస్తుంది, నీకూ గుర్తుండాలి. ఉధ్నా వైపు నుంచి రైలు కూత వినబడింది. అమ్మకు చాయ్ ఇచ్చి కిందికి దిగేసరికి సంపత్ రెండో మగ్గం ముందు నిలబడి ఉన్నాడు. ముందురోజే దానికి పడుగు నూలు చుట్టిన కొత్త బీమ్ ఎక్కించాడు. ఆరున్నరకు బట్ట దిగడం మొదలైంది. తెల్లని పాలిస్టర్, ఇంకా ఏ మిల్లూ ముట్టని గ్రే బట్ట.

నీ ప్రయోగానికి పంపాల్సిన బట్టకు నువ్వు చెప్పిన షరతులన్నీ తమ్ముడు సుద్దముక్కతో గోడ మీద రాసుకున్నాడు. దిగిన వరుసలోనే పది ముక్కలు, ఒక్కొక్కటి జానెడు. ఉతకవద్దు. గంజి వద్దు. రంగు వద్దు. ఒట్టి చేతితో ముట్టవద్దు. నూలుకు అంటిన నూనెను అక్కడ నువ్వే తీసేసుకుంటావు. వాడు రెండు చేతులకూ కొత్త ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని కత్తెర పట్టుకుంటే, అమ్మ మెట్ల మీద కూర్చుని చూసింది.

"బట్టకు గిన్ని మర్యాదలారా? నా పెండ్లిల నాగ్గూడ జరుగలే."

"నీ బిడ్డ అడిగిందే. నేనేం జెయ్యాలె" అన్నాడు వాడు.

"మంచిగ సదివితే నీ చెల్లె, పని జెప్తె నా బిడ్డనా?"

ఒకటి నుంచి పది దాకా అంకెలు రాసిన కాగితాలతో ముక్కలను కవర్లలో పెట్టాం. శనివారం కొరియర్‌కు ఇచ్చాం. ఆ పొద్దు అంతే.

ఇక నీ పని నాకు ఎంత అర్థమైందో రాస్తాను, తప్పుంటే దిద్దు. ఒక రకం ఉప్పు ఉంది. అందులోంచి పాజిట్రాన్ అనే కణం పుడుతుంది. మన ఒంట్లో, మగ్గంలో, దీపంలో, అన్నింట్లో ఉండే ఎలక్ట్రాన్‌కు అది ఎదురు జోడీ. బరువు అంతే, గుణం తిరగబడింది. ఈ లోకంలో దానికి నిలువనీడ లేదు. తన జోడీ ఎదురుపడగానే రెండూ వెలుగైపోతాయి. ఆ ఉప్పును రెండు బట్ట ముక్కల నడుమ పెడితే కణాలు బట్టలోకి దూరతాయి. వాటిలో కొన్ని, పోయే ముందు, జోడీతో కలిసి కాసేపు కాపురం చేస్తాయి. ఆ జంట పేరు పాజిట్రోనియం. కాపురానికి ఖాళీ గది కావాలి. దారం గట్టిగా కనబడుతుంది గాని లోపల కంటికందని ఖాళీలున్నాయి. గది పెద్దదైతే ఎక్కువసేపు ఉంటాయి, చిన్నదైతే తొందరగా పోతాయి. చివర వచ్చే వెలుగును పట్టుకుని మీరు గది కొలత చెబుతారు. ఎక్కువసేపు అంటే ఎంత అని అమ్మ అడిగించింది. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటి రెండు అని నువ్వు రాశావు.

నేను పొద్దున దీపం ముందు నూట ఎనిమిది సార్లు నామం తలుచుకుంటాను. ఒక పూస దాటేలోపు అక్కడ నీ యంత్రంలో ఎన్ని పుట్టి, గది వెతుక్కుని, వెలుగై పోతాయో. దేవుని ముందు పెట్టిన అరటిపండులో కూడా గంటకో గంటన్నరకో ఒక పాజిట్రాన్ పుడుతుందని రాశావు కదా. ఆనాటి నుంచి పండు పెట్టి వెంటనే లేవలేకపోతున్నాను. ముప్పై ఏళ్ళుగా ఈ బట్టను చేత్తో తడుముతున్నాను. పోగు తెగితే చీకట్లో కూడా నా వేలికి తెలుస్తుంది. పోగు లోపల గదులున్నాయని మాత్రం తెలియలేదు. తెలిశాక బట్టను మడత పెట్టేటప్పుడు కొంచెం మెల్లగా పెడుతున్నాను.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న.

తొమ్మిది ముక్కలు ఒక్క తీరుగా ఉన్నాయి, మొదటిది మాత్రం వేరుగా ఉంది అన్నావు. అందులో కాపురాలే తక్కువ, ఉన్నవీ తొందరగా ముగుస్తున్నాయి. అదే బీమ్, అదే నూలు. కొత్త బీమ్ మొదట్లో నూలును లాగే బిగువుకు పోగులోని ఖాళీలు మారుతున్నాయేమోనని నీకూ మీ సార్‌కూ తోచింది. ఇంతవరకు ఎవరూ చెప్పని మాట అన్నావు. దాని మీద వ్యాసం రాశారు, నీ పేరు మొదట ఉంది, నెలాఖరుకు పత్రికకు పంపుతారు. నీ డాక్టరేట్ పట్టా కూడా దాని మీదే నిలబడి ఉంది. చివర అడిగావు: "అక్కా, ఆ మొదటి ముక్కకు ఇంకేమన్నా జరిగిందా? బాగా గుర్తు తెచ్చుకో. ఎవరో ముందే వచ్చి ఆ గదుల్లో కూర్చున్నట్టుంది."

పోయిన నెల ఫోన్‌లో కూడా ఇదే అడిగావు. ఏమీ జరగలేదన్నాను. అది అబద్ధం.

మన ఇంట్లో కొత్త బీమ్ మీద దిగిన మొదటి ముక్కను పసుపు నీళ్ళలో ముంచి దేవుని ముందు పెట్టనిదే మిగతా బట్ట గడప దాటదు. అమ్మ మోకాలు పట్టేశాక ఆ పని నాకు వచ్చింది. ఆ ముక్క ఇంట్లోనే ఉండిపోయేది, దీపం కుందులు తుడవడానికి. ఈసారి దిగిన వరుసలోనే పదీ కావాలని నువ్వు అడిగావు, మొదటిది కూడా వెళ్ళాలి. మంగళవారం మధ్యాహ్నం అందరూ కింద ఉన్నప్పుడు ఒకటో నంబరు కవరు విప్పాను. పసుపు నీళ్ళు మరగబెట్టి అందులో ముంచాను. దేవుని ముందు పెట్టి నీ పేరు చెప్పుకున్నాను. తర్వాత మూడు రోజులు డాబా మీద ఎండలో వేశాను, పసుపుదనం పోయింది. మామూలు నీళ్ళతో జాడించి, ముడతలు పోవడానికి బాగా వేడిగా ఇస్త్రీ చేశాను. తెల్లగా, మిగతా తొమ్మిదింటి లాగే ఉంది. కవర్లో పెట్టి మూశాను.

షరతులు తెలియక కాదు. గోడ మీద రాసి ఉన్నాయి. కంటికి కనబడకపోతే లేనట్టే అనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. మొదటి ముక్క వేరుగా ఉందని నువ్వు ఫోన్‌లో సంతోషంగా చెప్పినప్పుడు నాకు భయం వేయలేదు. మురిశాను. దేవుడు నా మొక్కు విన్నాడు, ఆ ముక్కలో తన గుర్తు పెట్టాడు అనుకున్నాను. ఆ ఆనందం పోతుందని నోరు మూసుకున్నాను. గదుల్లో ఎవరో ముందే కూర్చున్నారని నీ ఉత్తరంలో చదివిన రోజు తెలిసింది, అక్కడ కూర్చున్నది నా పసుపు. కంటిముందు నిలవని ఒక కణం, సెకనులో వంద కోట్లవ వంతు బతికి, నేను దాచింది చూసిపోయింది. సింధూ, నేను చాలా గుళ్ళలో నిలబడ్డాను. ఇంత భయభక్తులు నాకు ఎక్కడా కలగలేదు.

నిన్న సాయంత్రం పాళీ మారేటప్పుడు మగ్గాలు అరగంట ఆగాయి. అందరినీ పైకి పిలిచి ఇది చెప్పాను. సంపత్ తల దించుకుని విన్నాడు.

"అక్కా, ఈ ముచ్చట నీకు ఎరుక, దేవునికి ఎరుక. ఇంకెవలకు తెల్వది. పోరి ఎన్నేండ్ల సంది కష్టపడుతున్నదో జూడు. ఊకో."

"ఆ కణానికి ఎరుకైంది గదరా" అన్నాను.

మీ బావ సంగతి నీకు తెలుసు, అడిగితే తప్ప మాట్లాడడు. నిన్న అడగకుండానే మాట్లాడాడు. "పాలిస్టర్ వేడికి నోరు తెరుస్తది. రంగు మింగుతది. సల్లారితే మూసుకుంటది. ఇగ పైన ఎంత కడిగినా పోదు. మా మిల్లుల రోజు జేసేది ఇదే." తర్వాత నా వైపు చూసి, పసుపే కారణమని ఎట్లా చెబుతావు, నీ ఇస్త్రీ కూడా కావచ్చు కదా అన్నాడు. మిల్లులో రంగు తేడా వస్తే వాళ్ళు చిన్న ముక్కలు తీసుకుని, ఒక్కోదానికి ఒక్కటే మార్చి చూస్తారట. రెండు కలిపి మార్చితే ఎప్పటికీ తేలదన్నాడు. ఇరవై ఏళ్ళు అతని రంగు చేతులకు సబ్బు ఇచ్చాను. నువ్వు కొలిచే గదుల తలుపులు తీసి మూసే పని ఆ చేతులదేనని నిన్ననే తెలిసింది.

అమ్మ అందరికంటే చివర మాట్లాడింది. "నేసిన బట్టల తప్పుంటె అంచుకు ఎర్ర దారం గట్టి ఇచ్చినోళ్ళం. మడతల దాసి ఇచ్చినోళ్ళం గాదు. సిన్నదాని కాగితానికి గూడ దారం గట్టున్రి."

కాబట్టి ఈ ఉత్తరమే ఆ దారం. నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులున్నాయి, అంతలో నీకు చేరుతుంది. మీ సార్‌కు చూపించు. వ్యాసం ఆగుతుందని తెలుసు. ఇంకో ఏడాది పట్టవచ్చు. ఆ ఏడాది నా వల్ల పోతుంది. దానికి నేను నీ ముందు తల వంచుతున్నాను.

ఇంట్లో అనుకున్నవి ఇవి. ఆ బీమ్ మీద నేసిన బట్ట ఒక తాను మన దగ్గరే ఉంది, అంచున నూనె మరక పడితే బట్ట కొనే సేఠ్ తిప్పి పంపాడు. మరకకు దూరంగా లోపలి నుంచి సంపత్ పది ముక్కలు కోస్తాడు. రెండు ఎవరూ ముట్టనివి. రెండు మరిగిన ఒట్టి నీళ్ళలో ముంచినవి. రెండు ఇస్త్రీ మాత్రం చేసినవి. రెండు పసుపు నీళ్ళలో ముంచి ఊరుకున్నవి. చివరి రెండు నేను చేసిన తప్పంతా వరుసగా చేసినవి, మూడు రోజుల ఎండతో సహా. మొదటి రెండింటికి తప్ప అన్నింటికీ అంచున ఎర్ర దారం ఉంటుంది, ఏం చేశామో కాగితం మీద మీ బావ రాస్తాడు. పార్సిల్ గురువారం బయలుదేరుతుంది. ఎన్నేళ్ళు పట్టినా నువ్వు పని మధ్యలో వదలకూడదని కూడా అనుకున్నాం. ఈ మాట సంపత్‌దే. ఇక నుంచి పసుపు మగ్గం చట్రానికి పెట్టాలి, బట్టకు కాదు. దీనికి అమ్మ ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు, ఒప్పుకుంది.

కిందికి పోవడానికి అందరూ లేచాక ఆమె ఇంకో ముక్క కోయమంది. పదకొండోది. దానికి పసుపు వద్దు, నీళ్ళు వద్దు, కవరు విప్పవద్దు. ఒక్క రాత్రి దేవుని ముందు పెట్టి పంపమంది. "గదులల్ల ఏమన్న తేడా అస్తె రాయమను. రాకున్నా రాయమను. దేవునికి కోపం రాదు, నాకు రాదు."

దానికి ఏ దారం కట్టాలని సంపత్ అడిగాడు. ఏదీ కట్టవద్దని అందరం అనుకున్నాం.

ఇట్లు,
నీ మంచి కోరే అక్క,
విజయరాణి