మా నాన్న ఇచ్చిన సున్నపు గుంట

టోల్జ్ ఊళ్లో సున్నపు బట్టీ నడిపే కోర్బీనియన్ చిన్న కూతురిని, చర్చి గోడల మీద చిత్రాలు వేసే ఆన్సెల్మ్ రైట్‌హోఫర్ భార్యను, ఇరవై నాలుగేళ్ల క్రెసెంజ్ అనే నేను ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పింది. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

1. నా ఉన్ని శాలువా తాపీమేస్త్రి భార్య అఫ్రాకు. మా ఆయన బొమ్మ కోసం నేను మేరీమాతగా చలి చర్చిలో పొద్దంతా కూర్చున్నప్పుడు, వేడి ఇటుక గుడ్డలో చుట్టి నా కాళ్ల కింద పెట్టింది ఆవిడే.

2. నా వెండి జపమాల మా అత్తగారికి. “గోడ మీద మహాతల్లివి, పొయ్యి దగ్గర ఎందుకూ కొరగావు” అని నలుగురిలో అనేవారు. జపం చేసుకునేటప్పుడైనా నేను గుర్తుకు రావాలి.

3. సున్నపు గుంట. నేను పుట్టిన ఏడు మా నాన్న సున్నం నానబెట్టి గుంటలో దాచారు. తడి గచ్చు మీద రంగులు వేసే విద్య రోమ్‌లో నేర్చుకుని వచ్చిన మా ఆయన, అలా ఏళ్ల తరబడి నానిన సున్నమే కావాలని వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. “అది అమ్మేది కాదు. మా చిన్నదానిది” అన్నారు నాన్న. మరునాడు ఆయన మళ్లీ వచ్చి నన్ను ఇచ్చి పెళ్లి చేయమని అడిగారు. సున్నం మాత్రం నా ఒక్కదానిదేనని నాన్న పెళ్లి ఒప్పందంలో రాయించారు.

దానితోనే ఆయన మూడు చర్చిలు, దొరగారి మేడ పూర్తిచేసి పేరు తెచ్చుకున్నారు. వచ్చే వేసవికి మ్యూనిక్‌లో పెద్ద గోడ దక్కింది. ఆ గోడకూ ఈ సున్నమే కావాలి.

మిగతావాళ్లు కాగితం మీది బొమ్మ చూసి గోడ మీద వేస్తారు. ఆయనకు మనిషే ఎదుట ఉండాలి. ఏ చర్చికి వెళ్లినా నా ముఖమే నన్ను చూస్తుంది. మోకరించడానికి నాకు చోటు లేదు.

నిరుడు మా అమ్మాయి వాల్‌బుర్గాను, నాలుగేళ్ల పిల్లను, దేవదూతగా పరంజా మీద నిలబెట్టారు. “నాన్నా, దించవా, ఒంటికి వస్తోంది” అంది. “ఓర్చుకో తల్లీ, గచ్చు ఆరేలోపు ముఖం అయిపోవాలి” అన్నారు. గౌను తడిసింది. కుంచె ఆగలేదు. ఆ దేవదూత కళ్లలో ఎంత భక్తి ఉందో అని చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు.

కాబట్టి ఆ గుంటను, పుట్టింట్లోనే ఉంటున్న మా అక్క ఒటీలియాకు రాసి ఇస్తున్నాను. అది ఆమె పెరట్లోనే ఉంది. అక్కా, వాల్‌బుర్గా నీ దగ్గరే పెరగాలి. ఈ బిడ్డ బతికితే ఈ బిడ్డ కూడా. అలా ఉన్నన్నాళ్లూ ఆయన అడిగినంత సున్నం ఇవ్వు. పిల్లల్ని పరంజా ఎక్కించిన రోజున మూత తీసేసి, పైన నిలిచిన నీళ్లు తోడెయ్యి. గాలి తగిలి గడ్డకడితే ఇక అది ఎవరికీ పనికిరాదు.

4. నేను పోతే వెంటనే నా ముఖం మీద గుడ్డ కప్పి కుట్టెయ్యాలి. ఎవరూ గీయకూడదు.

ఇది రాస్తుండగా ఆయన ఎదుట కూర్చుని నన్ను గీసుకుంటున్నారు. ఏం రాస్తున్నావని అడగలేదు. “తల ఎత్తకు, అలాగే రాస్తూ ఉండు” అన్నారు. రాశాను.

1834 మార్చి 9, టోల్జ్.

(సంతకం) క్రెసెంజ్ రైట్‌హోఫర్

సాక్షులు: మంత్రసాని జీటా హుండ్‌స్టోర్ఫర్, తాపీమేస్త్రి క్విరిన్ ఆష్‌బాకర్