బ్రష్‌కి నాలుగు చుక్కలు

జూలై 5, ఆదివారం

షెడ్డుకి సెలవు. తాళంచెవి తీసుకుని ఒక్కదాన్నే వెళ్లి మొత్తం దులిపి వచ్చాను. అలమర మూడు అరలూ సర్దాను. రాగి రేకులు ఒకవైపు, అల్యూమినియం రేకులు ఒకవైపు, అసిటోన్ డబ్బాలు కింద. ఈ ముసురుకి ఉక్కు తీగల బ్రష్‌లు నాలుగూ తుప్పు పట్టడం మొదలుపెట్టాయి. ఇంటి నుంచి కుట్టుమిషన్ నూనె తెచ్చి పట్టించి, గుడ్డతో తుడిచాను. ఎవరూ చెప్పకుండా చేసిన పని. మనసుకి హాయిగా ఉంది.

జూలై 7, మంగళవారం

నిన్నా ఇవాళా కలిపి రాగి రేకుకీ అల్యూమినియం రేకుకీ ఎనిమిది అతుకులు వేశారు. ఎనిమిదీ ఊడిపోయాయి. పోయినవారం పన్నెండు వేస్తే ఒక్కటీ ఊడలేదు.

ఎక్కడ తప్పిందో తెలియక వరసగా రాసి చూస్తున్నాను. రెండు రేకుల్నీ అసిటోన్‌తో తుడవడం. తీగ బ్రష్‌తో గరుకెక్కేదాకా రుద్దడం. వేలు తగలకుండా ఒకదాని మీద ఒకటి పెట్టడం. పది నిమిషాల్లోపు రోలర్ల మధ్యకి పంపి సగం మందానికి నొక్కడం. నిప్పూ లేదు, జిగురూ లేదు, రెండూ ఒకటే రేకవుతాయి. రుద్దేది మరిది. రోలర్ల మిల్లు నడిపేది మా ఆయన. టైము చూసి షెడ్డు పుస్తకంలో రాసేది నేను. టైము ఎక్కడా దాటలేదు.

మా ఆయన మరిది చేతుల వంకే చూస్తున్నాడు. చెమట చేతులన్నాడు. పోయినవారం చేతులేమన్నా అద్దెకి తెచ్చుకున్నానా అన్నయ్యా అన్నాడు మరిది.

పద్దెనిమిదో తారీఖున అతుకులు పరీక్షించడానికి కంపెనీ ఇంజనీరు వస్తాడు.

జూలై 8

కొత్త గ్లౌజులు. నాలుగు అతుకులు. నాలుగూ ఊడాయి.

జూలై 9, మధ్యాహ్నం 12

ఇది షెడ్డు పుస్తకంలోకి ఎక్కదు, ఇక్కడ రాస్తాను.

పక్క షెడ్డు వెల్డరు ముందు, టీ ఇచ్చే ఆయన ముందు, మా ఆయన తమ్ముడి మీద నోరు జారాడు. నువ్వు ముట్టుకున్నదేదీ నిలవదురా అన్నాడు. అన్నది రేకుల గురించి ఒక్కటే కాదని అక్కడున్న అందరికీ తెలుసు. మరిది భార్య పుట్టింటికి వెళ్లి ఏడాదవుతోంది. మరిది గ్లౌజులు విప్పి, రెండూ కలిపి మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను పెన్ను పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

జూలై 10

ఇవాళ మా ఆయనే రుద్దాడు. అవీ ఊడాయి. రేకుల లాటే మంచిది కాదన్నాడు. తమ్ముడి చేతుల మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంటికొచ్చి కంచాలు కడుగుతున్నాను. జిడ్డు పోని కంచం మీద నీళ్లు పరుచుకోకుండా పూసల్లా నిలిచాయి. అలాగే తడి చేతులతో షెడ్డుకి వెళ్లాను. అసిటోన్‌తో తుడిచి, ఇంకా రుద్దని రేకు మీద ఓ చుక్క నీళ్లు వేశాను. పరుచుకుంది. రుద్దిన రేకు మీద వేశాను. పూసలా నిలిచింది.

అంటే శుభ్రంగా ఉన్న రేకు రుద్దాకే జిడ్డవుతోంది.

బ్రష్ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా కుట్టుమిషన్ వాసన.

అదే రోజు, రాత్రి

ఇంకా ఎవరికీ చెప్పలేదు.

జూలై 11

పొద్దున్నే మా ఆయనకి చెప్పాను. నవ్వాడు. తర్వాత బజారుకెళ్లి కొత్త బ్రష్‌లు తెచ్చాడు. నాలుగు అతుకులు వేశాడు, ఒక్కటీ ఊడలేదు.

వాడికి చెప్పకు అన్నాడు. బ్రష్‌లు అరిగిపోయాయని చెబుదామన్నాడు. చెబితే వాడి గుమ్మంలో తను తల దించుకుని నిలబడాలిట. నీ పరువు కోసమే అంటున్నా అన్నాడు. ఎవరి పరువు అని నేను అడగలేదు. షెడ్డు పుస్తకంలో మాత్రం కారణం గడిలో చేతి చెమట అని రాసెయ్యమన్నాడు. గడి ఖాళీగా వదిలాను. పుస్తకంలో ఖాళీ గడి వదలడం నాకిదే మొదటిసారి.

జూలై 12, ఉదయం 9

మరిది ఫోను. వేరే ఊళ్లో ప్యాకింగ్ పని దొరికిందిట, మంగళవారం వెళ్తాడుట. బూట్లు, టిఫిను డబ్బా షెడ్డులో ఉండిపోయాయి, తీసి ఉంచు వదినా అన్నాడు. ఆ అన్నతో మళ్లీ పనిచేస్తే అడగమన్నాడు.

నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి వాడికి తొమ్మిదేళ్లు. బడికి వెళ్తుంటే లేసులు కట్టింది నేను.

సాయంత్రం 5

కారణం గడి నింపాను. 'బ్రష్‌లకి నూనె పట్టించడం. పట్టించింది నేను.' పుస్తకం పట్టుకుని మరిది గదికి వెళ్లాను.

నిలబడే చదివాడు. ఎంత నూనె అన్నాడు. బ్రష్‌కి నాలుగు చుక్కలన్నాను. చుక్కలు కూడా లెక్కపెట్టావా వదినా అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. అన్నయ్యకి తెలుసా అన్నాడు. తెలుసన్నాను. ఎప్పట్నుంచి అన్నాడు. నిన్న పొద్దుట్నుంచి అన్నాను.

తలుపు వేసేశాడు. గట్టిగా కాదు.

జూలై 13

చెప్పేశానని మా ఆయనతో అన్నాను. కంచం ముందు నుంచి లేచి చొక్కా వేసుకుని తమ్ముడి గదికి వెళ్లాడు. గంటన్నర. తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. ఏమన్నాడని అడిగాను. తలుపు తియ్యలేదుట. తలుపుకే చెప్పి వచ్చానన్నాడు.

జూలై 14, మంగళవారం

బస్సు టైము పదింపావు. పది దాకా గడియారం చూస్తూనే ఉన్నాను. పదిన్నరకి మరిది షెడ్డులోకి వచ్చి గ్లౌజులు తొడుక్కున్నాడు. అన్న వంక చూడలేదు. ఏదైనా కావాలంటే నాతో అంటున్నాడు, పక్కనే ఉన్న ఆయనకి నేను చెప్పాలి. ప్రతి రేకుకీ ముందు బ్రష్ ముక్కు దగ్గర పెట్టుకుని, నన్ను చూస్తూ వాసన పీలుస్తున్నాడు. తొమ్మిదిసార్లు. పడ్డాను.

జూలై 16

ఆరు అతుకులు, ఆరూ నిలిచాయి. అన్నదమ్ముల మధ్య మాటల్లేవు.

జూలై 18

ఇంజనీరు అతుకుని పట్టకారుతో పట్టి లాగాడు. రాగి చిరిగింది. అతుకు విడలేదు. అందరం దాన్నే చూస్తున్నాం, వెనక మిల్లు ఉత్తినే తిరుగుతోంది.

మిల్లు ఆపన్నయ్యా అన్నాడు మరిది.