ముట్టుకున్నావా నాన్నా

16-1-2011, ఆదివారం, మిన్నెసోటా

చలికి అక్షరాలు వంకర పోతున్నాయి. తప్పులున్నా చదువుకునేది నేనే కదా.

ఈ రోజు మావాడి మంచుబండి స్టార్ట్ అవలేదు. పెట్రోలు చూడలేదు, ప్లగ్గు చూడలేదు. ముందు నా దగ్గరికొచ్చి, "నాన్నా, స్నోమొబైల్‌నేమైనా ముట్టుకున్నావా?" అన్నాడు. మొన్న దాని మీద దుమ్ము తుడిచాను, అంతే అన్నాను.

వాడి స్నేహితుడు కిరణ్, "అంకుల్ దానికి తలంటు పోసేశారేమోరా" అని నవ్వాడు.

ఇద్దరూ ప్లగ్గు విప్పి తుడిచారు. ఇంజను స్టార్ట్ చేసే తాడు లాగి లాగి ఆయాసపడ్డారు. చివరికి కిరణే చూశాడు, హ్యాండిల్ మీద ఇంజను ఆపే ఎర్ర బటన్ నొక్కి ఉంది. "పోయినవారం నువ్వే కదరా నొక్కావు" అన్నాడు. మావాడు నవ్వేసి బండి స్టార్ట్ చేశాడు.

షాపులో ముక్కూమొహం తెలియనివాడికి చెయ్యి తగిలినా సారీ అంటాడు వీడు. నాతో మాత్రం, "పక్కకి జరుగు నాన్నా, పొగొస్తుంది" అన్నాడు.