బొంత ఇక వెనక్కి వెళ్లదు

కర్టెన్లు కుట్టి బతికిన, ఈ భవనంలో అందరూ టైలరమ్మ అని పిలిచే నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతులారా రాసుకున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉందని గుండె డాక్టరు కాగితం ఇచ్చాడు. గుండె గురించి మాత్రం అంత ధీమాగా చెప్పలేదు. వదిలేసిన కుక్కలను ఉంచే షెడ్డు నుంచి బొంత అనే ఈ కుక్కను తెచ్చిన రోజే నాకు మతి పోయిందని మా తమ్ముడి అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఇందుమూలంగా తోసిపుచ్చుతున్నాను.

1. నా తదనంతరం మూడో అంతస్తులోని ఈ వాటా, నాతోనే ఉంటున్న నా మేనకోడలికి, అనగా తమ్ముడి కూతురికి, సర్వహక్కులతో చెందాలి. ఆమె సిటీ బస్సు కండక్టరు. బొంత బతికున్నంతకాలం ఈ ఇల్లు అమ్మకూడదు, బొంతను ఎక్కడా వదలకూడదు. ఈ షరతు మేనకోడలికి అక్కర్లేదు. ఇల్లు అమ్మించాలని చూసే వాళ్ల నాన్న కోసం రాశాను. ఒంటినిండా అతుకుల్లాంటి మచ్చలున్న ఈ కుక్కను ఇదివరకు రెండు కుటుంబాలు తీసుకెళ్లి, ఒంటరిగా ఉంచితే కొంప మునిగినట్టు ఏడుస్తుందని షెడ్డుకే తిరిగి అప్పగించాయి. మూడోసారి అలా జరగకూడదు. నాకున్న దిగులు ఇదొక్కటే. కుర్చీలూ గిన్నెలూ ఎవరు పట్టుకుపోయినా నాకు పట్టింపు లేదు.

2. తమ్ముడికి మా నాన్న గోడ గడియారం. "ఇది మచ్చికయ్యే రకం కాదక్కా. అయితే నా మీసం తీయించుకుంటా" అని పందెం కాశాడు. బొంత ఏడ్చినప్పుడల్లా మనసు కరిగి తలుపు తీసి, బిస్కెట్ పెట్టింది ఎవరు? తనే! ఏడిస్తే బిస్కెట్ వస్తుందని దానికి శుభ్రంగా పాఠం చెప్పి, కుక్కకు బుద్ధి రావడం లేదని నన్ను దెప్పాడు. ఇప్పుడు పందెం సంగతి గుర్తులేనట్టు నటిస్తున్నాడు. నాకు బాగా గుర్తుంది. అయినా ఆ మొహానికి మీసమొక్కటే కాస్త అందం గనుక, సదరు పందెం నుంచి అతనికి విముక్తి ప్రసాదిస్తున్నాను.

3. కింది వాటా లెక్కల మాస్టారికి నా రేడియో. బొంత అరిచినప్పుడల్లా ఆయన కర్రతో తన పైకప్పును పొడిచేవారు. బొంత అది పలకరింపు అనుకుని రెట్టింపు అరిచేది. అలా ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవారు, నాకు తల పగిలిపోయేది. నా మీద ఆయన చేసిన ఫిర్యాదులన్నీ క్షమించాను, నన్ను "ఆ కుక్కావిడ" అనడం తప్ప. ఈమధ్య ఆయనే మెట్లెక్కి వచ్చి, "పైనుంచి చప్పుడే లేదేంటమ్మా, బొంత బాగానే ఉందా?" అని అడిగారు. నన్ను ఊరేగించినంత సంబరమైంది.

4. ఈ ఇంట్లో బొంతను ఒంటరిగా ఉంచి వెళ్లే పద్ధతి ఇదే, ఎవరూ మార్చరాదు. మొదట గొళ్లెం ముట్టుకుని వచ్చి కూర్చునేదాన్ని. తర్వాత గడప దాటి వెంటనే వచ్చేదాన్ని. తర్వాత మెట్ల మలుపు దాకా, ఆపైన గుండీల కొట్టు దాకా. అరుపు ఆగాకే లోపలికి రావాలి, వచ్చాక హడావిడి చేయకూడదు. వెళ్లేముందు నేను ఎన్ని బుజ్జగింపులు చెప్పినా దాని కంగారు పెరిగిందే తప్ప తగ్గలేదు. కుక్కను చూస్తే కుర్చీ మీదికి కాళ్లు లాక్కునే నా మేనకోడలు ఒకరోజు డ్యూటీకి వెళ్తూ, అలవాటు కొద్దీ "రైట్ రైట్" అని తలుపు వేసింది. బొంత చడీచప్పుడు లేకుండా వెళ్లి చాప మీద పడుకుంది! నేను నోరు తెరిచాను. అప్పటినుంచి గడప దాటే ముందు అదే మాట, ఇంకో మాట లేదు.

5. ఇక అసలు సంగతి. తలుపు వేసి వెళ్లినవాళ్లు తప్పకుండా తిరిగి వస్తారని బొంతకు నేర్పింది నేను. ఆ మాట తప్పబోయేదీ నేనే. ఈ ఆలోచన నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అందుకే కొంతకాలంగా దాని తిండి, నడక, స్నానం అన్నీ మేనకోడలికి అప్పగించాను. బొంత నా ఒళ్లో తల పెడితే మెల్లగా జరిపేసి, మిషను ముందు కూర్చునేదాన్ని. ఏడుపొచ్చేది. అయినా కుట్టుకుంటూ పోయాను.

నిన్న పొద్దున్నే తమ్ముడింటికి వెళ్లి, కావాలనే సాయంత్రం దాకా ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి మేనకోడలు ఇంకా డ్యూటీలోనే ఉంది. ఇంట్లో ఏడుపు లేదు, తలుపు మీద కొత్త గోటి గీత లేదు. బొంత నన్ను చూసి తోక ఊపింది, చెయ్యి నాకింది, మళ్లీ గుమ్మం వైపు తిరిగి పడుకుని చెవులు నిక్కించింది. అది ఎదురుచూస్తున్నది నాకోసం కాదు. ఆ వెంటనే, ఒంటరిదాన్ని, నడి గదిలో నిలబడి చప్పట్లు కొట్టాను. గెలిచాను!

కాబట్టి ఈ వీలునామాలో బొంతను ఎవరికీ రాసివ్వడం లేదు. ఇవ్వడానికి అది ఇప్పుడు నాది కాదు.

తేదీ: అక్టోబరు పద్నాలుగు, మంగళవారం

(సంతకం) టైలరమ్మ

సాక్షులు:
1. బొంతకు సూదులు వేసే పశువుల డాక్టరు. దీన్ని అమలు జరిపించే బాధ్యతా ఈయనదే.
2. గుండీల కొట్టు యజమాని

(లెక్కల మాస్టారు కూడా సంతకం పెడతానన్నారు. రేడియో తీసుకునేవారు సాక్షిగా ఉండకూడదట. రేడియోనే కావాలన్నారు.)