వెనక్కి తగ్గిన రౌటరు

అరకు, జులై 2009, శుక్రవారం రాత్రి

పొద్దున్న టెలిఫోను వాళ్ళు కొత్త మోడెం పెట్టి వెళ్ళారు. సాయంత్రం ఎప్పట్లాగే బ్రౌజర్లో 192.168.1.1 కొడితే మా రౌటరు పేజీ తెరుచుకోలేదు, నెట్టూ లేదు. మా బళ్ళో పదో తరగతి పిల్లల జాబితా ఇవాళే పై ఆఫీసుకి పంపాలి. కంప్యూటర్లో వెతికితే రౌటరు నెంబరు దానంతటదే 192.168.2.1 అయిపోయి ఉంది. మోడెం అడుగున చీటీ చూశాను. దాని నెంబరు మా రౌటరు పాత నెంబరే! రెంటికీ ఒకే నెంబరు కుదరదని రౌటరే పక్కకి జరిగిందన్నమాట. కొత్త నెంబరు కొట్టి సరిచేశాక జాబితా వెళ్ళింది.

కూరగాయల వ్యానుతో ఎస్.కోటలో బయల్దేరుతున్న మా ఆయనకి ఫోన్లో చెబితే నవ్వారు. "ఘాట్లో రెండు బళ్ళు ఎదురైతే ఒకటి ఎనక్కి తగ్గాల కదేటే? నీ డబ్బా తగ్గీసింది."

అప్పుడు ఆరు. రెండు గంటల దారి. ఇప్పుడు తొమ్మిదిన్నర. ఘాట్ మీద వాన, పొగమంచు. ఫోను కలవడం లేదు. పొద్దున్న ఈ మోడెం గురించే పోట్లాడుకున్నాం. ఇంట్లో ఒక్క మాటకీ తగ్గని మనిషి, ఆ మలుపుల్లో ఎదుటి బండికి తగ్గుతారా?

పొద్దున్న నేనైనా తగ్గలేదు...