గోడవైపు తిరిగిన బల్ల

ప్రియమైన శ్రీవారికి,

మీరు పంపిన ట్యాబ్లెట్ చేరింది. పల్చగా ఉంది, మెరుస్తోంది, ముచ్చటగా ఉంది. మంచిమాటలు అయిపోయాయి కనక అసలు సంగతికొస్తాను.

ఫోనులో ఎందుకు చెప్పలేదంటారేమో. మీ ఫోను మోగగానే అత్తయ్య స్పీకరు పెడతారు, మరిది వచ్చి పక్కన కూర్చుంటాడు. వాళ్ల ముందు "బాగుందండీ" అనక ఏమనను? అందుకే ఈ ఉత్తరం.

నా కంప్యూటర్‌ని మీ తమ్ముడు చదువుకోసమని తన గదిలోకి పట్టుకుపోయాడు. "ట్యాబ్లెట్ ఉండగా మీ వదినకి ఆ డబ్బా ఎందుకు" అని మీరే అన్నారట. దాని బల్లని విప్పి అటక ఎక్కించారు. హాల్లో ఆ బల్ల ఉన్న మూలలో ఇప్పుడు సోఫా ఉంది. ఎవరైనా నన్నో మాట అడిగారా?

నా పనేమిటో మీకోసారి గుర్తుచెయ్యనా. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు వింటూ రోగుల రిపోర్టులు టైపు చెయ్యడం. మాట అర్థం కాకపోతే కాలికింది పెడల్ నొక్కి వెనక్కి తిప్పుకునేదాన్ని, చేతులు కీబోర్డు మీదే ఉండేవి. ఇప్పుడు వెనక్కి తిప్పాలన్నా వేలే, టైపు చెయ్యాలన్నా వేలే. తెరమీది కీబోర్డు సగం పేజీ మింగేస్తోంది. సోఫాలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే మెడ పట్టేసింది. ఒక్కో రిపోర్టుకీ తలప్రాణం తోకకొస్తోంది. కంప్యూటర్ వెనక్కి ఇచ్చెయ్యమని మరిదికి మీరే చెప్పండి.

వేళకి తినండి. ఓడలో ఇంజను దగ్గర చెవులు కప్పుకోండి.

ఒళ్లు మండుతున్న,
మీ ఆవిడ

*

ప్రియమైన మహారాణీ,

నీ ఉత్తరం రేవులో అందింది. రెండుసార్లు చదివి నవ్వుకున్నాను, తిట్టుకోకు. కొత్త వస్తువు చేతికి అలవాటు కావద్దూ? మా ఓడలో చీఫ్ ఇంజనీరు ఇంజను బొమ్మలన్నీ ట్యాబ్లెట్‌లోనే పెట్టుకుని తిరుగుతాడు. నూనె మరకల చేత్తో నేనే వాడేస్తున్నాను, నీకేం? చిన్న కీబోర్డొకటి కొని తగిలించుకో, అంతా సర్దుకుంటుంది.

తమ్ముడికి పరీక్షలు దగ్గరపడ్డాయి. పైగా మూల ఖాళీ అయ్యాక హాలు విశాలంగా ఉందని అమ్మ మురిసిపోతోంది. ఇక నువ్వు ఆ మూలకే అతుక్కుపోనక్కర్లేదు, ఇంట్లో ఎక్కడైనా కూర్చుని చేసుకోవచ్చు, వంటింట్లో కూడా. నేను పంపిందే అందుకు. ఒక్క నెల ఓపిక పట్టు, కొంపలేం మునగవు.

నీమీద బెంగతో,
ఇంజను మేస్త్రీ

*

ప్రియమైన మేస్త్రీగారికి,

కొంప మునిగింది.

కీబోర్డు కొన్నాను. బాగానే పనిచేసింది, అబద్ధమెందుకు. మీరు చెప్పినట్టే మంగళవారం వంటింట్లో కూర్చుని, మోకాలి ఆపరేషనుకొచ్చిన ఓ పెద్దావిడ రిపోర్టు మొదలుపెట్టాను. పొయ్యి మీద పాలు చూడమన్నారు అత్తయ్య, లేచాను. కూర్చున్నానో లేదో ఎవరో తలుపు కొట్టారు, మళ్లీ లేచాను. వచ్చేసరికి మరిది ట్యాబ్లెట్‌లో ఆట చూస్తున్నాడు. ఊరికే పడుంది కదా వదినా అన్నాడు. లాక్కుని, ఎక్కడ ఆపానో గుర్తున్నంతమేరకు అక్కణ్ణుంచి టైపు చేసి పంపేశాను.

మధ్యలో ఒక వాక్యం ఎగిరిపోయింది. ఆవిడకి ఫలానా మందు పడదనీ, ఇస్తే ఊపిరాడదనీ డాక్టరు చెప్పిన వాక్యం.

మా సూపర్వైజరు రికార్డింగు మళ్లీ విని సరిచూస్తుంది కనక పట్టుకుంది. పట్టుకోకపోతే? ఇంకోసారి ఇలా జరిగితే నాకు పని ఇవ్వరు, మొహం మీదే చెప్పింది. వారంపాటు ఆఫీసుకొచ్చి తన కళ్లముందు కూర్చుని చెయ్యమంది, బడిపిల్లలాగ.

ఇంట్లో చెప్పుకుంటే అత్తయ్య ఏమన్నారో తెలుసా? ఎప్పుడు చూసినా ఆ పలక పట్టుకునే ఉంటావు కదా, తప్పులెందుకొస్తాయి అన్నారు. ఏడుపొచ్చింది. ఇన్నేళ్లుగా పేరు తెచ్చుకున్న పని ఇలా చేజారిపోతే మళ్లీ ఎక్కడ వెతుక్కోను? ఇది కూడా నవ్వుకుంటూ చదవండి.

మీ ఆవిడ

*

ప్రియమైన నీకు,

నవ్వలేదు. తప్పు నాదే. మేము ట్యాబ్లెట్‌లో చూడడమేగానీ రాసేదేమీ ఉండదు, ఆ తేడా నా బుర్రకి తట్టలేదు. తమ్ముడికి ఫోను చేసి చివాట్లు పెట్టాను. కంప్యూటర్ ఈపాటికి నీ దగ్గరికి వచ్చేసి ఉండాలి. సోఫా ముందు టీపాయ్ మీద పెట్టమన్నాను, అమ్మకీ అడ్డముండదు. దాంతో గొడవ తీరిపోయినట్టే. ఆ పనికిమాలిన ట్యాబ్లెట్ అమ్మకిచ్చెయ్, వీడియోలు చూసుకుంటుంది.

ఒక్క మంచిమాట కోసం ఎదురుచూస్తూ,
నీ మేస్త్రీ

*

ప్రియమైన మీకు,

మరిది మొహం గంటుపెట్టుకుని కంప్యూటర్ తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు. నేను మళ్లీ అతనికే ఇచ్చేశాను. గొడవ తీరలేదండీ, వినండి.

ఆఫీసుకి ట్యాబ్లెటే పట్టుకెళ్లాను. సూపర్వైజరు ఏదో చిన్న ముక్క తగిలించి పెడల్‌ని కూడా దానికి కలిపి ఇచ్చింది. వారమంతా చేసిన రిపోర్టుల్లో ఒక్క తప్పు లేదు. అదే ట్యాబ్లెట్, అదే కీబోర్డు. పాపం దాన్ని మనిద్దరం అనవసరంగా ఆడిపోసుకున్నాం. కంప్యూటర్ మీద నేను చేసే పని అది భేషుగ్గా చేస్తుంది, ఆ సంగతి తేలిపోయింది.

మరి ఇంట్లో ఎందుకు కాలేదు? ఇన్నేళ్లూ ఇంట్లో నా పని సాగనిచ్చింది కంప్యూటర్ కాదు, దాని కిందున్న బల్ల. గోడవైపు తిరిగి దాని ముందు కూర్చుంటే, నా వీపు చూసి పనిలో ఉందిలే అని అందరూ ఊరుకునేవారు. సోఫాలో ఒళ్లో పలక పెట్టుకుని కూర్చున్న ఆడది ఎవరి కంటికైనా తీరిగ్గా ఉన్నట్టే కనబడుతుంది. ఎక్కడైనా కూర్చోవచ్చని మీరు సంబరపడ్డారు. నాకంటూ ఎక్కడా చోటు లేకుండా పోయింది. ఇంత జరిగాక కూడా టీపాయ్ మీద పెట్టమన్నారు చూడండి, అప్పుడు నాకు కోపం కూడా రాలేదు, నీరసమొచ్చింది.

వారం అయ్యాక, ఇక ఇంటినుంచే చేసుకోవచ్చంది సూపర్వైజరు. నేనే వద్దన్నాను. సోమవారం నుంచి రోజూ ఆఫీసుకి వెళుతున్నాను, సాయంత్రందాకా. అత్తయ్యకి ఆ మాటే చెప్పాను.

"మరి పగలు తలుపెవరు తీస్తారు?" అన్నారు.

"తీరిగ్గా ఉన్నవాళ్లు తీస్తారు అత్తయ్యా" అన్నాను. ఇంత గట్టిగా ఆవిడతో నేనెప్పుడూ మాట్లాడలేదు.

మిమ్మల్ని అడగడం లేదు, చెబుతున్నాను. మీరంటే కోపం లేదు. ఉన్నా, మీరొచ్చేలోపు తగ్గుతుంది.

జవాబు ఇంటికి రాయకండి. కింద ఆఫీసు చిరునామా ఇస్తున్నాను. అక్కడ నాకో బల్ల ఉంది, ఉత్తరాలు దానిమీద పెట్టి వెళతారు.

మీ ఆవిడ