స్పీకరు పక్కన నిలబడినవాడు

పలాస,
12-8-2003

తల్లీ షాలినీ,

నాన్న దీవించి రాస్తున్నది. దేవుని కృపవల్ల నేనూ అమ్మా కులాసాగానే తిరుగుతున్నాం. నీ ఒంట్లో ఇప్పుడెలా ఉందో, ఖర్గపూర్ వర్క్‌షాపులో అల్లుడు సంజయ్‌కి పగటి డ్యూటీ ఇచ్చారో లేదో రాయి.

కలకత్తా నుంచి ఎవరో వచ్చారట కదా అని అడిగావు. నిజమే. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు అక్కడి హాళ్లలో నేను తీసిన రాక్ బ్యాండ్ల ఫొటోలున్నాయే, చిన్నప్పుడు నువ్వు 'జుట్టు మావయ్యలు' అనేదానివి, వాటి కోసం దత్తాగారని ఒకాయన వచ్చాడు. నాలుగు రోజులు మన స్టూడియోలో కూర్చుని నెగెటివులన్నీ వెలుతురులో పెట్టి చూశాడు. జనవరిలో ప్రదర్శన పెడతారట. 'పెళ్లి ఫొటోలు తీసే మన కాలేబేనా ఇవన్నీ తీసింది?' అని నా గురించి బజారంతా ఒకటే ఆశ్చర్యం.

ఒక డ్రమ్మరు గడ్డం మీంచి రాలుతున్న చెమట చుక్కని చూసి, "ఇంత దగ్గరికి ఎలా వెళ్లారు?" అన్నాడాయన. స్పీకరు పక్కన చోటుకి ఎవరూ పోటీ రారు, అక్కడ నిలబడేవాణ్ణి అన్నాను. ఆయనకి సగమే చెప్పాను. మిగతా సగం నీకు రాయాలి.

నీ ఉత్తరంలో చివరి వాక్యం ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో. "బిడ్డ నిలవలేదు నాన్నా అని ఫోనులో ఏడిస్తే, సంతోషం తల్లీ, దేవుడు గొప్పవాడు అని ఎలా అనగలిగావు?"

నాకు వినపడలేదమ్మా.

ఎడమ చెవి కలకత్తాలోనే పోయింది. ఒక రాత్రి కచేరీ అయ్యాక మొదలైన హోరు తగ్గాక, ఆ వైపు ఇంకేమీ మిగల్లేదు. రెండేళ్లుగా కుడి చెవీ మందగించింది. మనిషి ఎదురుగా ఉంటే పెదవుల్ని బట్టి మాట పట్టుకుంటాను. ఫోనులో పెదవులుండవు. ఆ ఆదివారం అమ్మ అక్కుపల్లిలో పిన్ని ఇంటికి వెళ్లింది. నీ గొంతు అలలుగా వచ్చింది. నువ్వు నవ్వుతున్నావనుకున్నాను. శుభవార్తే అనుకుని ఆ మాట అనేశాను.

నీ ఉత్తరం నేను చేతికిస్తే అమ్మ చదివి నా వైపు తిరిగింది.

"ఇనిపించనేదా మీకు? ఎన్నాళ్ల నుంచి దాత్తన్నారు?"

"పెళ్లికి ముందు నుంచీ."

"నాకైనా సెప్పకూడదా?"

"సెవిటోడంటే నువ్వొప్పుకుంటావేటి?"

అమ్మ నా కుడి పక్కకొచ్చి కూర్చుని, "పిల్ల నెల్లాళ్లుగా ఏడుత్తంది. మీ సిగ్గు దానికంటే పెద్దదేటి?" అంది.

కాదు తల్లీ. చెవిటివాడి దగ్గర ఫొటో ఎవరు తీయించుకుంటారని మొదట భయపడ్డాను. తర్వాత దాచడమే అలవాటైపోయింది. ఆ అలవాటు చివరికి నీకు తగిలింది. ఆ ఫొటోలు తీసినందుకు నాకు ఈనాటికీ విచారం లేదు. దాచినందుకే ఉంది. విశాఖలో చెవి డాక్టరుకి చూపించుకుంటానని అమ్మకి మాటిచ్చాను. దత్తాగారికీ నిజం రాసేశాను.

సోమవారం బండికి నేనూ అమ్మా ఖర్గపూర్ వస్తున్నాం. నన్ను క్షమించమని అక్కడికొచ్చి అడుగుతాను. నీకు చెప్పుకోవాలనిపిస్తే, నా ఎదురుగా వెలుతురులో కూర్చుని ఆ బిడ్డ సంగతి మొదటినుంచీ చెప్పు. నీ మొహం మీంచి చూపు తిప్పను.

ఇట్లు,
నిన్ను ఏడిపించిన నీ నాన్న,
కాలేబు